తక్కువ ఎత్తున్న సెల్లార్‌లోకి ఎత్తైన బండి: కొలవడం దగ్గర్నుంచి బయటికి తీసే దాకా

“బోర్డు మీద 2.1 మీటర్లని ఉంది. నా బండి 1.96. పడుతుందా?”

అంకెలు మారుతుంటాయి కానీ ఈ ప్రశ్న మాత్రం నాకు వస్తూనే ఉంటుంది. ఆ రెండు అంకెలు చూసి పడుతుందని చెప్పలేను, పట్టదనీ చెప్పలేను. చదునైన నేల మీద 14 సెంటీమీటర్ల ఖాళీ ధారాళంగా సరిపోతుంది. అదే ర్యాంప్ దిగి నేల మొదలయ్యే చోట, సరిగ్గా నెత్తిన ఒక బీమ్ ఉందనుకోండి. ఆ 14లో 10 అక్కడే కరిగిపోతాయి. అందుకే బోర్డు చూసి దూరిపోకుండా, బండినీ దారినీ మీ చేత్తో కొలుచుకోవాలి. ఒక్కసారి కొలిస్తే గంట పని. ఆ తర్వాత ఆ పార్కింగ్‌తో మీకు టెన్షన్ ఉండదు.

కావలసిన సామాను: టేపు, నిటారుగా ఉండే రెండు మీటర్ల అల్యూమినియం బద్ద, రసమట్టం, ఒక పీవీసీ పైపు, గట్టి పురికొస, చాక్‌పీస్, టార్చి. సాయానికి ఇద్దరు మనుషులు.

1. ముందు బండి ఎత్తు కొలవండి

బండితో ఇచ్చిన పుస్తకంలో ఎత్తు రాసి ఉంటుంది. దాన్ని అంచనాకు వాడుకోండి, అంతే. ఒక కంపెనీ రూఫ్ రెయిల్స్ కలిపి రాస్తుంది, ఇంకొకటి కలపదు. యాంటెన్నా సంగతీ అంతే. పైగా బండి కొన్నాక టైర్లు మారి ఉండొచ్చు, పైన క్యారియర్ వచ్చి ఉండొచ్చు.

టైర్ల తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ లెక్కలోకి తీసుకోవాలి. 265/65 ఆర్17 టైరు వ్యాసం సుమారు 776 మి.మీ. దాని బదులు 265/70 ఆర్17 వేస్తే 803 మి.మీ. ఆ తేడాలో సగం, అంటే 13 మి.మీ., బండి పైకి లేస్తుంది.

కొలిచే పద్ధతి:

- బండిని చదునైన గచ్చు మీద నిలపండి. రోడ్డు వారన వద్దు, అక్కడ నేల ఒక పక్కకు వాలి ఉంటుంది.
- టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి.
- మనుషుల్ని దించి, సామాను తీసేయండి. బండి ఖాళీగా ఉన్నప్పుడే అన్నిటికన్నా ఎత్తుగా ఉంటుంది.
- నిచ్చెన వేసుకుని పైన చూడండి. అన్నిటికన్నా ఎత్తైనది ఏదో వెతకండి: రెయిలా, షార్క్‌ఫిన్ యాంటెన్నానా, క్యారియర్ క్లాంపు బోల్టా, రూఫ్ బాక్స్ మూతా?
- బద్దను ఆ చోటు మీద అడ్డంగా ఆనించి, బండి పక్క నుంచి బయటికి వచ్చేలా పట్టుకోండి. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చాక, బద్ద కింది అంచు నుంచి నేల దాకా టేపు వేయండి.
- రెండో పక్క కూడా అలాగే కొలవండి. రెండింట్లో ఎక్కువ వచ్చిందే మీ బండి ఎత్తు.

క్యారియర్ ఉన్నప్పుడు ఎంత, తీసేస్తే ఎంత అని రెండూ రాసుకోండి. మీటర్లలోనూ, అడుగులు అంగుళాల్లోనూ రాసి, స్టీరింగ్ ముందు సన్ వైజర్‌కి అంటించండి. గేటు దగ్గర వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటే ఏ అంకే గుర్తుకు రాదు.

2. బోర్డును జాగ్రత్తగా చదవండి

పార్కింగ్ బోర్డుల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు దశాంశ చుక్కది. “6.8 అడుగులు” అని రాసి ఉంటుంది. రాసినవాళ్ల ఉద్దేశం 6 అడుగుల 8 అంగుళాలైతే అది 203 సెం.మీ. నిజంగానే 6.8 అడుగులైతే 207 సెం.మీ. నాలుగు సెంటీమీటర్ల తేడా! ఇలాంటి బోర్డు కనిపిస్తే తక్కువ అంకెనే నమ్మండి.

చేతికింద ఉంచుకోవలసిన మార్పిడి:

- 6 అడుగుల 6 అంగుళాలు: 1.98 మీటర్లు
- 6 అడుగుల 8 అంగుళాలు: 2.03 మీటర్లు
- 7 అడుగులు: 2.13 మీటర్లు
- 7 అడుగుల 6 అంగుళాలు: 2.29 మీటర్లు

బోర్డు మీద అంకె గేటు దగ్గరిదే కావచ్చు. కింది అంతస్తులో శ్లాబ్ ఇంకా తక్కువ ఎత్తులో ఉండొచ్చు. బోర్డు పెట్టిన తర్వాత నేల మీద ఇంకో పొర కాంక్రీటు పోసి ఉండొచ్చు, పైన కొత్త పైపు వేలాడదీసి ఉండొచ్చు. ఆ పనులు చేసినవాళ్లు బోర్డు మార్చాలని గుర్తు పెట్టుకోవడం అరుదు.

గేటు ముందు గొలుసులతో వేలాడే అడ్డ కమ్మీ ఉంటే అది మీ మేలు కోసమే. అది బండికి తగిలితే ఆగిపోండి. కమ్మీ ఊగి పక్కకు తప్పుకుంటుంది, లోపలున్న బీమ్ తప్పుకోదు.

యంత్రంతో బండిని పైకెత్తి పెట్టే పార్కింగ్ అయితే ఈ మార్గదర్శిలో సగం పని మీకు అవసరం లేదు. అక్కడ ఒక్కో అరకు ఒక్కో ఎత్తు, ఒక్కో బరువు హద్దు ఉంటాయి. నడిపేవాళ్లని అడిగి మీ బండి ఎత్తు, బరువు రెండూ చెప్పండి. వాళ్లు వద్దంటే వాదించకండి.

3. పైపు పట్టుకుని దారంతా నడవండి

పీవీసీ పైపును మీ బండి ఎత్తు కన్నా 5 సెం.మీ. ఎక్కువ ఉండేలా కోయండి. కొసకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. బండిని బయటే ఆపి, ఆ పైపును నిలువుగా పట్టుకుని, గేటు నుంచి మీరు నిలపబోయే చోటు దాకా నడవండి. పైపు తగిలిన ప్రతి చోటా నేల మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి.

దారి మధ్యలో ఒక్కసారి నడిస్తే చాలదు. బండి పైకప్పు రెండు అంచులూ ఎక్కడ వెళ్తాయో అక్కడ కూడా నడవాలి. కొన్ని కట్టడాల్లో స్తంభం దగ్గర బీమ్ లోతు పెరుగుతుంది. మధ్యలో తగలనిది అంచున తగులుతుంది.

పైపు పట్టుకున్నప్పుడు వీటి మీద కన్నేయండి:

- స్ప్రింక్లర్ (మంటలు లేస్తే నీళ్లు చిమ్మేది) ముక్కులు. పైనున్న నీళ్ల పైపు కన్నా ఇవి కిందికి వేలాడుతుంటాయి.
- మురుగు పైపుల వంపులు. ఈ పైపులు వాలుగా సాగుతాయి కాబట్టి ఒక కొసన ఎత్తుగా, ఇంకో కొసన కిందికి ఉంటాయి.
- కేబుల్ ట్రేలు, గాలి డక్ట్‌లు, పొగ లాగే ఫ్యాన్లు
- ట్యూబ్‌లైట్లు, కెమెరాలు, “ఎగ్జిట్” బోర్డులు
- పైకి చుట్టుకున్న షట్టర్ కింది పట్టీ. షట్టర్ పూర్తిగా లేవకపోతే ఇదే అన్నిటికన్నా తక్కువ ఎత్తు.

ర్యాంప్ మీద పైపును ఆకాశం వైపు నిలువుగా పట్టుకోకండి. నేలకు లంబంగా పట్టుకోండి. బండి వాలు మీద వాలుతోపాటే ఒరిగి ఉంటుంది, తూకం గుండులాగా నిలువుగా ఉండదు కదా. 8 మీటర్లకు 1 మీటరు దిగే వాలులో, 2.1 మీటర్ల ఎత్తు దగ్గర ఈ రెండు కొలతలకూ తేడా ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది.

బయటికి వెళ్లే దారి వేరే అయితే ఆ దారి కూడా నడవాలి. చాలామంది లోపలి దారి చూసుకుని, బయటి ర్యాంప్‌ను వదిలేస్తారు.

4. ర్యాంప్ మొదలు, చివర: పురికొసతో చూడాలి

మిగతా విషయాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. పైపుతో నడిచినప్పుడు ఏమీ తగలని చోట బండి తగలడానికి కారణం ఇక్కడే ఉంది.

ర్యాంప్ దిగుతున్నారు. ముందు చక్రాలు చదునైన నేల మీదికి వచ్చేశాయి, వెనక చక్రాలు ఇంకా వాలు మీదే ఉన్నాయి. వాలూ నేలా కలిసే మడత మీ బండి కడుపు కింద ఉంది. బండి వంగదు కదా, రెండు చక్రాల మధ్య పలకలాగా నిలబడుతుంది. ఆ మడత దగ్గర నేలకూ బండికీ మధ్య దూరం పెరుగుతుంది. కడుపు ఎంత పైకి లేచిందో పైకప్పు కూడా అంతే పైకి లేస్తుంది. సరిగ్గా ఆ మడత మీదే బీమ్ ఉండటం కట్టడాల్లో మామూలే, ఎందుకంటే ర్యాంప్ పైనున్న శ్లాబ్ అంచు అక్కడే మొదలవుతుంది.

ఎంత లేస్తుందో లెక్క కట్టొచ్చు. ముందు చక్రం నడిమికీ వెనక చక్రం నడిమికీ మధ్య దూరాన్ని (దీన్ని వీల్‌బేస్ అంటారు) వాలుతో గుణించి, 4తో భాగించండి.

ఉదాహరణకు వీల్‌బేస్ 2.8 మీటర్లు, అంటే 280 సెం.మీ.

- 10కి 1 వాలు: 280 ÷ 10 ÷ 4 = 7 సెం.మీ.
- 8కి 1 వాలు: 280 ÷ 8 ÷ 4 = దాదాపు 9 సెం.మీ.
- 6కి 1 వాలు: 280 ÷ 6 ÷ 4 = దాదాపు 12 సెం.మీ.

బండి పొడవు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. 3.6 మీటర్ల వీల్‌బేస్ ఉన్న వ్యాను 8కి 1 వాలులో 11 సెం.మీ. పైగా లేస్తుంది. ఒకే ఎత్తున్న రెండు బండ్లలో పొట్టిది దూరి, పొడుగుది తగలడం ఇందుకే.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే, లేదా మడత దగ్గర నేల గుండ్రంగా ఉంటే, పురికొసతో కొలవండి:

1. మీ వీల్‌బేస్ అంత దూరంలో పురికొసకు రెండు ముడులు వేయండి.
2. ఒకరు ఒక ముడిని చదునైన నేల మీద నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు రెండో ముడిని ర్యాంప్ మీద నొక్కి పట్టుకోవాలి. మధ్యలో పురికొస బిగుతుగా, గాలిలో ఉంటుంది.
3. పైన బీమ్ ఎక్కడ ఉందో చూసి, అక్కడ పురికొస నుంచి బీమ్ దాకా, పురికొసకు లంబంగా కొలవండి. నేల నుంచి కాదు.
4. ఇద్దరూ అడుగు అడుగు చొప్పున కిందికి జరుగుతూ మళ్లీ మళ్లీ కొలవండి.
5. వచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఆ ర్యాంప్‌లో మీ బండికి దొరికే అసలు ఎత్తు.

పురికొస అంటే మీ బండి చక్రాలు ఆనే గీత అనుకోండి. ఆ గీత మీద మీ బండి ఎత్తు నిలబడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

ర్యాంప్ పై కొసన ఇంకో రకం తిప్పలు. చదునైన నేల నుంచి వాలులోకి దిగేటప్పుడు ముందు చక్రాలు కిందికి పోతాయి, బండి తోక పైకి లేస్తుంది. వెనక చక్రాలు ఇంకా వాలులోకి రాకముందు తోక అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. వెనక చక్రం దాటి తోక 90 సెం.మీ. ఉంటే, 8కి 1 వాలులో వెనక అంచు 11 సెం.మీ. లేస్తుంది. పెట్టెలా ఉండే వ్యాన్లకూ, వెనక అంచు దాకా రూఫ్ బాక్స్ పెట్టుకున్న బండ్లకూ ఇది గండం. ముందు భాగం గేటు దాటేసిందని ధైర్యంగా వదిలేస్తే వెనక అంచు లింటెల్‌కి తగులుతుంది. అదే చోట కడుపు కింద నేల రాచుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి అక్కడ సాయం చేసేవాళ్లు పైనా కిందా రెండూ చూడాలి.

5. ఎంత ఖాళీ ఉంటే దూరొచ్చు?

నేను పాటించే హద్దులు ఇవి:

- చదునైన చోట 5 సెం.మీ.
- ర్యాంప్ మడత దగ్గర, పురికొసతో కొలిచి ఉంటే 5 సెం.మీ.
- అదే చోట నేల నుంచి మాత్రమే కొలిచి ఉంటే 15 సెం.మీ.
- పైన స్ప్రింక్లర్ ఉంటే ఎక్కడైనా 8 సెం.మీ.

స్ప్రింక్లర్‌కి ఎక్కువ ఎందుకంటే, దాని ముక్కు విరిగితే నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి. ఎవరో వెళ్లి వాల్వు కట్టేదాకా ఆగవు. కింద ఉన్న బండ్లన్నీ తడుస్తాయి.

మిగతాచోట్ల 5 ఎందుకు? బండి కదిలేటప్పుడు నిలకడగా ఉండదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే అది ఎంత ఎత్తుంటే ఆ చక్రాలు అంత లేస్తాయి. గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగి తోక లేస్తుంది. బీమ్ కింద స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే దాని ఎత్తు కూడా కొలిచి, బండి ఎత్తుకు కలుపుకోండి.

రెండు మూడు సెంటీమీటర్లే ఉన్నాయంటే నా సలహా ఒకటే: బయట పెట్టుకోండి. ఒకసారి దూరగలరు. రోజూ రెండుసార్లు, నిద్ర కళ్లతో, వానలో, ఆలస్యమైన రోజున దూరలేరు.

6. బండి ఎత్తు తగ్గించే మార్గాలు, చేయవలసిన వరసలో

మొదట తీయగలిగినవి తీయండి. కడ్డీ యాంటెన్నా మర తిప్పితే ఊడి వస్తుంది. రూఫ్ బాక్స్, పైన కట్టిన సైకిళ్లు, క్యారియర్ అడ్డ కమ్మీలు దించండి. వాడని రోజుల్లో కూడా క్యారియర్ పైనే ఉంచడం చాలామందికి అలవాటు. తీసేస్తే పది సెంటీమీటర్ల దాకా కలిసొస్తుంది. సన్‌రూఫ్ వెనక అంచు లేపి ఉంటే మూసేయండి.

గాలి సస్పెన్షన్ ఉన్న బండి అయితే కిందికి దించే మీట ఉంటుంది. ర్యాంప్‌కి ముందే, చదునైన చోట దించండి. వేగం పెరిగితే కొన్ని బండ్లు వాటంతట అవే మామూలు ఎత్తుకు లేస్తాయి. మీ బండి ఎప్పుడు లేస్తుందో పుస్తకంలో చదివి తెలుసుకున్నాకే దీని మీద ఆధారపడండి. బండి కిందికి దిగినప్పుడు కడుపు కూడా నేలకు దగ్గరవుతుందని మరవకండి.

బరువుతో దించడం మూడోది. నలుగురు ఎక్కితే బండి రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. కానీ ఇది లోపలికి వెళ్లేటప్పుడు వాడకండి. ఎందుకో తొమ్మిదో భాగంలో చెబుతాను.

టైర్లలో గాలి తీయడం గురించి అందరూ అడుగుతారు. దానివల్ల ఒక సెంటీమీటరు, మహా అయితే రెండు కలిసొస్తాయి. గాలి తక్కువున్న టైరుతో దూరం నడిపితే టైరు పక్క గోడ లోపల దెబ్బతింటుంది, అది పైకి కనిపించదు. ఇరుక్కుపోయిన బండిని బయటికి తీయడానికి తప్ప దీన్ని వాడకండి.

7. లోపలికి నడపడం

మొదటిసారి జనం తక్కువగా ఉన్న వేళ వెళ్లండి. వెనక బండి లేకుండా చూసుకోండి. తగిలేలా ఉంటే వెనక్కి రావడానికి దారి ఉండాలి.

సాయం చేసేవాళ్లు బండికి కొంచెం ముందు, పక్కగా నిలబడాలి. బండికీ గోడకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. మీ సైడ్ మిర్రర్‌లోనో, నేరుగానో వాళ్లు మీకు కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే ఆగిపోండి. సైగ ఒక్కటే పెట్టుకోండి: అరచెయ్యి ఎత్తితే ఆగాలి. “రా రా రా” అని అరుస్తూ మధ్యలో “ఆపు” అంటే ఆ ప్రతిధ్వనిలో ఏదీ వినిపించదు.

వాళ్లు టార్చిని కింద నుంచి పైకి కాకుండా, పైకప్పు ఎత్తులో పక్క నుంచి వేయాలి. అప్పుడు బండికీ బీమ్‌కీ మధ్య వెలుతురు గీతలా కనిపిస్తుంది. గీత సన్నబడుతుంటే ఇట్టే తెలిసిపోతుంది.

నడిపేవాళ్లకు:

- పాటలు ఆపి, అద్దాలు దించండి. తగిలే మొదటి చప్పుడు చాలా చిన్నది.
- నడిచే వేగం కన్నా నెమ్మదిగా వెళ్లండి. బ్రేకును కొడుతూ వదులుతూ కాకుండా, మెత్తగా ఆనించి ఉంచండి.
- ర్యాంప్‌లోకి తిన్నగా దిగండి. ఏటవాలుగా దిగితే ఒక చక్రం ముందు, ఒకటి తర్వాత దిగి బండి పక్కకు ఒరుగుతుంది. పైకప్పులో ఒక మూల పైకి లేస్తుంది.
- చాక్‌పీస్ గుర్తు పెట్టిన ప్రతి చోటా పూర్తిగా ఆగి, సాయం చేసేవాళ్లు చూశాకే కదలండి.

8. నిలపడం, డిక్కీ తెరవడం

బండి క్షేమంగా వచ్చేసిందన్న సంతోషంలో డిక్కీ మీట నొక్కేస్తారు. డిక్కీ తలుపు తెరుచుకునేటప్పుడు దాని అంచు చాలా బండ్లలో పైకప్పు కన్నా పైకి వెళ్తుంది. పైపు గానీ బీమ్ గానీ తగిలి తలుపుకు సొట్ట పడేది ఇక్కడే.

డిక్కీ మోటారుతో తెరుచుకునేదైతే దాని ఎత్తును చాలా బండ్లలో మనం నిర్ణయించుకోవచ్చు. తలుపును మీకు కావలసిన ఎత్తులో ఆపి, తలుపు మీదుండే మూసే బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే బీప్ వస్తుంది. ఆ తర్వాత తలుపు అంతవరకే తెరుచుకుంటుంది. చేత్తో తెరిచేదైతే, బీమ్ లేని చోట తోక వచ్చేలా బండిని నిలపండి.

9. బయటికి వచ్చేటప్పుడు

ఇది నాకు అనుభవం మీద తెలిసొచ్చింది. ఒక శుభకార్యానికి ఏడుగురం వెళ్లాం. వెనకంతా సామాను. సెల్లార్‌లోకి దిగేటప్పుడు ఎక్కడా తగల్లేదు. సాయంత్రం సామాను దింపేశాం, మనుషులూ అక్కడే ఉండిపోయారు, నేను ఒక్కడినే బండి తీశాను. ర్యాంప్ మొదట్లో పైన గరగరమని చప్పుడు. ఉదయం దాటిన బీమే. దిగి చూస్తే రూఫ్ రెయిల్ మీద జానెడు పొడవున నల్ల రంగు లేచిపోయింది. వేలితో రాస్తే సిమెంటు పొడి అంటింది. తర్వాత ఇంటి దగ్గర నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలిచాను. తేడా 3 సెంటీమీటర్ల పైనే.

అందుకే కొలత ఎప్పుడూ ఖాళీ బండిదే తీసుకోవాలి. మనుషుల బరువును నమ్ముకుని లోపలికి వెళ్తే, అదే బరువుతో బయటికి రావాలి.

బండి తీసే ముందు:

- పొద్దున ఉన్నంత బరువు ఇప్పుడూ ఉందా?
- లోపల ఉండగా పైన ఏమైనా కట్టారా?
- బయటి ర్యాంప్ పైపుతో, పురికొసతో చూశారా?
- షట్టర్ పూర్తిగా లేచిందా?

10. తగిలింది, ఇరుక్కుంది. ఇప్పుడేం చేయాలి?

1. ఆగండి. యాక్సిలరేటర్ తొక్కి “లాగేద్దాం” అనుకోకండి. గీతతో పోయేది చిరుగుగా మారేది అప్పుడే.
2. హ్యాండ్ బ్రేక్ వేయండి. వాలు మీద ఉంటే చక్రాలకు పల్లం వైపు రాళ్లో, చెక్కలో పెట్టించండి. మనుషుల్ని దించకండి, దిగితే బండి లేచి ఇంకా బిగుసుకుంటుంది.
3. ఒకరు బయటి నుంచి ఏది దేనికి తగిలిందో చూడాలి. స్ప్రింక్లర్ గానీ, గ్యాస్ పైపు గానీ, కరెంటు కేబుల్ గానీ అయితే కదపకుండా పార్కింగ్ సిబ్బందిని పిలవండి.
4. తగిలింది రూఫ్ బాక్స్ గానీ క్యారియర్ గానీ అయితే, దాన్నే విప్పి దించడానికి చోటుందేమో చూడండి.
5. విప్పడానికి లేకపోతే బరువు పెంచండి. ముందు భాగం తగిలితే ముందు సీట్లలో, వెనక తగిలితే వెనక సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టండి.
6. అదీ చాలకపోతే నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి తీయండి. టైరు రిమ్ము మీద కూర్చునేంత తీయకండి.
7. వచ్చిన గీత మీదే, స్టీరింగ్ తిప్పకుండా, అంగుళం అంగుళం వెనక్కి రండి.
8. బయటపడ్డాక అక్కడికక్కడే గాలి కొట్టించాకే బండి తీయండి. పంపు లేకపోతే తెప్పించండి.

కదిపే ముందు తగిలిన చోటు ఫొటో తీసుకోవడం మంచిది. తర్వాత బీమ్‌లో పగులు పాతదా కొత్తదా అన్న మాట వస్తే ఆ ఫొటో పనికొస్తుంది.

11. సొంత గ్యారేజీ అయితే

ఇంట్లోదే కదా అని బీమ్ గానీ లింటెల్ గానీ చెక్కించకండి. రెండు అంగుళాలు చెక్కితే లోపలి ఇనుము బయటపడుతుంది, మోసే బలం పోతుంది. దాన్ని ముట్టుకోకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి.

మొదట షట్టర్ చూడండి. తెరిచినప్పుడు కింది పట్టీ లింటెల్ కన్నా కిందికి వేలాడుతుందా? మోటారు షట్టర్ అయితే, ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్‌ను సరిచేస్తే నాలుగైదు సెంటీమీటర్లు దొరకొచ్చు. డబ్బు ఖర్చు లేని పని ఇది. పైకి మడిచే తలుపుకి మధ్యలో మోటారు పట్టా ఉంటే, పక్క గోడకు బిగించే మోటారుగా మార్చుకోవచ్చు. అప్పుడు నడి నెత్తిన ఏమీ ఉండదు. లైట్లు పైకప్పు మధ్యలోంచి గోడల మీదికి మార్చండి.

తర్వాత గేటు ముందు వాలు. రోడ్డు నుంచి లోపలికి ఎక్కే వాలు నిటారుగా ఉంటే, దాన్ని బయటికి పొడిగించి సన్నగిల్లేలా చేయించండి. మడత దగ్గర నేలను మూలగా కాకుండా గుండ్రంగా తీర్చితే బండి పైకి లేచేది తగ్గుతుంది. గుండ్రం చేయడానికి అక్కడ కొత్తగా కాంక్రీటు పోయకండి, పోస్తే ఉన్న ఎత్తు కూడా పోతుంది. వాలు వైపు చెక్కే గుండ్రం చేయాలి. మేస్త్రీకి పని చెప్పే ముందు నాలుగో భాగంలోని పురికొస పరీక్ష ఆయన ముందే చేసి చూపించండి. ఎక్కడ ఎంత చెక్కాలో ఆయనకే అర్థమవుతుంది.

లోపల చక్రం ఆగే చోట గట్టు కట్టించండి. పైకప్పు నుంచి ఒక దారానికి బంతి కట్టి, అద్దానికి తాకే చోట వేలాడదీయండి. బంతి తాకితే ఆగిపోవడమే. డిక్కీ తలుపు ఎంత ఎత్తు లేస్తుందో కొలిచి, అక్కడ పైకప్పుకు మందపాటి ఫోమ్ అంటించండి. ఇవి పూర్తయ్యాక ఖాళీ బండితో, షట్టర్ పక్కన ఒకరిని నిలబెట్టి, ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ నడిపి చూడండి. ఎక్కడ తక్కువ ఖాళీ మిగిలిందో ఆ బీమ్ మీద పసుపు టేపు అంటించి, ఆ ఎత్తు దాని మీదే రాయండి. ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి తీసినా వాళ్లకూ కనిపిస్తుంది.